పాత రిజిస్టరు నుంచి కొత్త రిజిస్టరుకి
(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాతో ‘పింఛను సవరణలూ, కరువు భత్యం బకాయిలూ, వైద్య ఖర్చుల బిల్లులూ కాకుండా ఈసారి ఏదైనా కొత్త విషయం మాట్లాడండి’ అన్నారు. ఆ మూడింటి గురించీ మాట్లాడేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. మొదలుపెడితే ఆపలేనివాళ్ళు ఇంకా ఎక్కువమంది ఉన్నారు. అందుకని నేను కంప్యూటరు వాళ్ళ సంగతి ఒకటి ఎంచుకున్నాను. ‘ఈ వయసులో మనకెందుకయ్యా’ అని వెనక వరసలోంచి అప్పుడే ఎవరో అన్నారు. నేను ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసులో పద్దెనిమిదేళ్ళు ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షనులోనూ, మిగతా కాలంలో చాలా భాగం రికార్డు రూములోనూ గడిపినవాణ్ణి. నాకు అర్థమైందంటే అది మన సరుకే అయి ఉండాలి కదా.

మన పిల్లలూ మనవలూ ఫోనులో మాట్లాడుకుంటుంటే ‘మైగ్రేషన్’ అనే మాట మీ చెవిన పడే ఉంటుంది. ‘ఈ శని ఆదివారాలు మైగ్రేషన్ ఉంది, రాలేం’ అని పండక్కి రాకుండా తప్పించుకోవడం కూడా కొందరికి అనుభవమే. మైగ్రేషన్లలో చాలా రకాలున్నాయి. నేను చెప్పబోయేది ఒక్క రకం గురించి. ఒక ప్రోగ్రాము తాలూకు మార్పుల చరిత్రనంతా పాత రిజిస్టరులోంచి కొత్త రిజిస్టరులోకి ఎక్కించడం.

ముందు ఆ రిజిస్టరు ఏమిటో చెప్పాలి. కంప్యూటరు ప్రోగ్రాము అంటే రాత. మనం నోటు రాసినట్టే వాళ్ళూ పంక్తుల కొద్దీ రాస్తారు. పెద్ద ప్రోగ్రాములో లక్షల పంక్తులుంటాయి. వందలమంది ఏళ్ళ తరబడి రాస్తారు, ఒకరు రాసింది మరొకరు దిద్దుతారు, కొట్టేస్తారు, మళ్ళీ పెడతారు. ఈ రోజున ప్రోగ్రాము ఎలా ఉందన్నది తెరమీద కనిపిస్తుంది. అలా ఎందుకు ఉందన్నది కనిపించదు. మన ఫైలులో కరెంటు భాగం చూస్తే ఏ ఉత్తర్వు వెళ్ళిందో తెలుస్తుంది. అసలు ఎందుకు వెళ్ళింది, ఎవరు అడ్డు చెప్పారు, ఏ పాత ఉత్తర్వు చూసి ఒప్పుకున్నారు అన్నది నోటు భాగం తిరగేస్తేనే తెలుస్తుంది. ప్రోగ్రాముకి కూడా అలాంటి నోటు ఫైలు ఒకటి ఉంటుంది. ప్రతి మార్పుకీ ఒక ఎంట్రీ. ఎవరు, ఏ తేదీన, ఏ పంక్తులు తీసి ఏవి పెట్టారు, కారణం ఏమిటి. దీన్ని నడిపే ఏర్పాటుని వెర్షన్ కంట్రోల్ అంటారు.

ఇది నిన్నమొన్న పుట్టింది కాదు. అమెరికాలో బెల్ లేబొరేటరీస్‌లో మార్క్ రోచ్‌కైండ్ అనే ఆయన 1972లోనే ఎస్.సి.సి.ఎస్. అనే దాన్ని తయారుచేశాడు. మనలో చాలామంది ఉద్యోగంలో చేరని రోజులవి. 1980లలో ఆర్.సి.ఎస్., దాని మీద కట్టిన సి.వి.ఎస్. వచ్చాయి. 2000లో సబ్‌వర్షన్ అనే దాని పని మొదలైంది. 2005లో గిట్ వచ్చింది. ఇప్పుడు మన పిల్లల్లో ఎవరిని అడిగినా గిట్ అనే చెబుతారు. పద్ధతి మారినప్పుడల్లా పాత పద్ధతిలో ఉన్న ఎంట్రీలన్నిటినీ ఏం చెయ్యాలన్న ప్రశ్న వచ్చింది. వదిలేయాలా, ఎత్తి రాయాలా? ఎత్తి రాస్తే ఉన్నదున్నట్టు రాయాలా, తప్పులు దిద్ది రాయాలా?

ఎత్తి రాయడం అంటే ఏమిటో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. సర్వీసు రిజిస్టరు అట్టలు ఊడిపోయి, చెదలు తగిలి, కొత్త పుస్తకంలోకి ఎత్తి రాసిన సందర్భాలు మీలో ఎంతమందికో తెలుసు. మన సంఘం దగ్గరికి వచ్చిన కేసు ఒకటుంది. ఊరూ ఆఫీసూ చెప్పను. ఒకాయన పోయారు. కుటుంబ పింఛను కోసం ఆయన భార్య కాగితాలు పెట్టింది. ఎత్తి రాసిన కొత్త రిజిస్టరులో ఆవిడ పేరుకి ముందున్న ‘వెంకట’ అన్న ముక్క లేదు. ఆధార్‌లో ఉంది, బ్యాంకు పాసుపుస్తకంలో ఉంది. అక్కడ మాత్రం లేదు. పాత రిజిస్టరు చూద్దామంటే కొత్తది రాయగానే పాతది పనికిరాని కాగితాలలో కలిపేశారు. ఎవరు ఎత్తి రాశారో సంతకం లేదు. పద్నాలుగు నెలలు ఆవిడ తిరిగింది. చివరికి ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తలో తీసుకున్న ప్రభుత్వ జీవిత బీమా పాలసీ బాండు ట్రంకుపెట్టె అడుగున దొరికింది. అందులో నామినీగా ఆవిడ పూర్తి పేరు ఉంది. ఆ బాండు లేకపోతే ఇంకెంత కాలం పట్టేదో చెప్పలేను.

ఎత్తి రాసిన గుమాస్తా దుర్మార్గుడేమీ కాదు. తొందరలో ఉన్నాడు. నకలు చేశాక పోల్చి చూసిన రెండో మనిషి లేడు. పాతది ఉంచాలన్న ఆలోచన పైవాళ్ళకి లేదు. ఈ మూడూ గుర్తుంచుకోండి. కంప్యూటరు వాళ్ళ దగ్గరా ఇవే వస్తాయి.

ఇప్పుడు రెండు నిజమైన ఉదాహరణలు చెబుతాను. రెండూ ప్రపంచమంతా వాడే ప్రోగ్రాములే.

మొదటిది లైనక్స్. 1991లో ఫిన్లాండులో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టాడు. ఇవాళ మీ చేతిలో ఉన్న ఆండ్రాయిడ్ ఫోను లోపల కూడా నడుస్తున్నది అదే. చిత్రమేమిటంటే మొదటి పదేళ్ళు దానికి రిజిస్టరంటూ లేదు. అందరూ మార్పులు మెయిల్లో పంపేవారు, ఆయన చూసి నచ్చినవి కలుపుకునేవాడు. 2002లో బిట్‌కీపర్ అనే ఒక కంపెనీ సరుకు వాడడం మొదలుపెట్టాడు. 2005లో తగాదా వచ్చి ఆ కంపెనీ ఉచిత వాడకాన్ని ఆపేసింది. దాంతో ఆయన ఆ ఏప్రిల్‌లో కూర్చుని, తన రిజిస్టరు తానే తయారుచేసుకున్నాడు. అదే గిట్. మొదలుపెట్టిన కొద్ది రోజులకే గిట్ తన మార్పులు తనలోనే రాసుకోవడం మొదలుపెట్టింది. ఏప్రిల్ 16న లైనక్సుని అందులో పెట్టాడు.

ఆ రోజు మొదటి ఎంట్రీలోనే ఆయన ఒక మాట రాసిపెట్టాడు. పాత చరిత్ర తన దగ్గర ఉన్నా తేవడం లేదనీ, అదంతా తెస్తే సుమారు 3.2 గిగాబైట్లవుతుందనీ, కొత్త ఏర్పాటుకి ఆ బరువు ఇప్పుడే వద్దనీ, కావాలంటే తర్వాత విడిగా చేసుకోవచ్చనీ దాని సారాంశం. మన లెక్కల భాషలో చెప్పాలంటే పాత లెడ్జరు మూసేసి, ఓపెనింగ్ బ్యాలెన్సు ఒక్కటే తెచ్చుకున్నాడు.

దీనివల్ల ఏమైందో చూడండి. గిట్‌లో ఒక ఆజ్ఞ ఉంది. ఏ పంక్తి మీదైనా దాన్ని నడిపితే ఆ పంక్తి ఎవరు, ఎప్పుడు రాశారో చెబుతుంది. దాని పేరు ‘బ్లేమ్’. ఏజీ ఆఫీసు ఆడిట్ పార్టీ పెట్టిన పేరులా లేదూ! సబ్‌వర్షన్‌లో ఇదే ఆజ్ఞకి ‘ప్రెయిజ్’ అని ఇంకో పేరు కూడా పెట్టారు. ఒకే పనికి నింద, పొగడ్త రెండూ. మన సర్వీసులో కూడా అంతే కదా, అధికారి మారితే చాలు. సరే, లైనక్సులో పాత పంక్తి ఏదైనా తీసుకుని ఈ ఆజ్ఞ ఇస్తే, ఈనాటికీ వచ్చే జవాబు ఒక్కటే. రాసినవారు లైనస్ టోర్వాల్డ్స్, తేదీ 2005 ఏప్రిల్ 16. ఆ పంక్తి ఏ దేశంలో ఏ ఇంజనీరు 1990లలో రాత్రిళ్ళు మేలుకుని రాసిందైనా సరే, జవాబు అదే. రిజిస్టరు మార్చిన రోజున కుర్చీలో ఎవరున్నారో అంతకుముందు పనంతా వారి పేరుమీదే కనిపిస్తుంది.

టోర్వాల్డ్స్‌ని నేను తప్పుపట్టను. ఆయనకి అప్పుడు నడవడమే కష్టంగా ఉంది. పైగా పాత లెడ్జరు తగలబెట్టలేదు. తర్వాత థామస్ గ్లైక్స్‌నర్ అనే ఆయన బిట్‌కీపర్ కాలపు చరిత్రని విడిగా గిట్‌లోకి ఎక్కించి పెట్టాడు. కావలసినవాళ్ళు తమ కంప్యూటరులో రెండింటినీ అతికించుకుని చూసుకోవచ్చు. కానీ మామూలుగా చూసేవాళ్ళు అతికించుకోరు. మొదటి సంపుటం వేరే బీరువాలో ఉందని తెలిసినా తాళంచెవి అడిగి తీసేవాళ్ళు మన ఆఫీసుల్లో ఎంతమంది ఉండేవారు చెప్పండి.

రెండో ఉదాహరణ మీద నాకు మక్కువ ఎక్కువ. జి.సి.సి. అనే కంపైలరు. కంపైలరు అంటే మనుషులు రాసిన ప్రోగ్రాముని యంత్రానికి అర్థమయ్యే భాషలోకి మార్చే దుబాసీ. దీన్ని రిచర్డ్ స్టాల్‌మన్ 1987లో విడుదల చేశాడు. లైనక్సుని మొదటినుంచీ యంత్రభాషలోకి మారుస్తూ వచ్చిన దుబాసీ కూడా ఇదే. దీని చరిత్ర రెండుసార్లు పెద్ద ఎత్తున రిజిస్టరు మారింది. 2005 అక్టోబరులో సి.వి.ఎస్. నుంచి సబ్‌వర్షన్‌కి, 2020 జనవరిలో సబ్‌వర్షన్ నుంచి గిట్‌కి.

మొదటి మార్పిడిలో ఉన్న చిక్కు గురించి ఒక్క మాట. సి.వి.ఎస్. పద్ధతిలో ప్రతి ఫైలుకీ దాని చరిత్ర దానిదే. ఒక మనిషి ఒకే పని మీద ఇరవై ఫైళ్ళలో మార్పులు చేస్తే ఇరవై చోట్ల ఇరవై ఎంట్రీలు పడతాయి. ఇవన్నీ ఒకే పని తాలూకువని ఎక్కడా ఉండదు. కొత్త పద్ధతిలో ఒక పనికి ఒకే ఎంట్రీ ఉండాలి. మరి ఏవి ఏవి కలపాలి? అదే మనిషి, అదే రిమార్కు, కొద్ది నిమిషాల తేడాలో పడిన టైము. ఈ మూడూ కలిస్తే ఒకటే అనుకోవాలి. ఒకే ట్రావెలింగ్ అలవెన్సు బిల్లు కాగితాలు నాలుగు ఫైళ్ళలోకి చెదిరిపోతే తేదీలూ చేతిరాతా చూసి జతచేసినట్టు. చాలావరకు సరిగ్గానే వస్తుంది. అక్కడక్కడ తప్పుతుంది.

2020 నాటి మార్పిడి అంతకన్నా పెద్దది. సబ్‌వర్షన్‌లో అప్పటికి 2,80,000 పైచిలుకు ఎంట్రీలున్నాయి. ఎరిక్ రేమండ్ అనే ఆయన ఇలాంటి పనికోసమే రిపోసర్జన్ అనే పనిముట్టు తయారుచేశాడు. సర్జన్ అన్న పేరు ఊరికే పెట్టలేదు. పాత చరిత్రని కోసి, కుట్టి, కట్టు కట్టే పని అది. జి.సి.సి. చరిత్ర ఎంత పెద్దదంటే, దాన్ని మింగలేక ఆ పనిముట్టే చతికిలపడింది. ఆయన దాన్ని పైథాన్ భాషలోంచి గో అనే ఇంకో భాషలోకి మొత్తం తిరగరాశాడు. ఇదంతా కొన్నేళ్ళ పని. ఆలస్యం చూసి మాక్సిమ్ కువిర్కోవ్ అనే ఇంకొకాయన తన పద్ధతిలో ఇంకో నకలు తయారుచేశాడు. 2019 డిసెంబరుకల్లా రెండు నకళ్ళూ ఎదురెదురుగా నిలబడ్డాయి. ఏది తీసుకోవాలని పెద్ద చర్చ. మాటలు కొంచెం ఘాటుగానే నడిచాయి.

ఆ పోటీ వల్ల మేలే జరిగిందని నా అభిప్రాయం. రెండు నకళ్ళనీ పక్కపక్కన పెట్టి పోల్చారు. ఒకదాంట్లో ఉన్నది రెండోదాంట్లో లేకపోతే అక్కడ ఎవరిదో ఒకరిది తప్పు. అలా రెండింటిలోనూ లోపాలు బయటపడ్డాయి, దిద్దుకున్నారు. మన ట్రెజరీ లెక్కలూ డిపార్టుమెంటు లెక్కలూ నెలనెలా సరిచూసుకోవడం అనే పద్ధతి ఉండేది గుర్తుందా? రికన్సిలియేషన్. దానికి వెళ్ళమంటే ఎవరూ ఇష్టంగా వెళ్ళేవారు కాదు. తప్పులు దొరికేది మాత్రం అక్కడే. చివరికి జోసెఫ్ మైయర్స్ అనే ఆయన బాధ్యత తీసుకుని రిపోసర్జన్‌తోనే మార్పిడి పూర్తిచేశాడు. 2020 జనవరిలో మన సంక్రాంతికి ముందు వచ్చిన శని ఆదివారాల్లో పాత రిజిస్టరులో ఎవరూ రాయకుండా ఆపి, కొత్తది తెరిచారు.

ఇంత తర్జనభర్జన ఎందుకు, తప్పులుంటే తర్వాత దిద్దుకోవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. గిట్‌లో అది కుదరదు. అందులో ప్రతి ఎంట్రీకీ నలభై అక్షరాల ముద్ర ఒకటి పడుతుంది. ఆ ముద్ర ఆ ఎంట్రీలో ఉన్న విషయాన్ని బట్టీ, దాని ముందు ఎంట్రీ ముద్రని బట్టీ లెక్కగట్టేది. 1995 నాటి ఎంట్రీలో ఒక్క అక్షరం మారిస్తే దాని ముద్ర మారుతుంది, దాని తర్వాతదీ, ఆ తర్వాతదీ, ఈరోజు వరకూ అన్నీ మారిపోతాయి. అప్పటికే వేలమంది ఆ ముద్రల్ని నమ్ముకుని పనిచేస్తూ ఉంటారు. పుటలకి నంబర్లు వేసి, దారం కుట్టి, లక్క ముద్ర వేసిన కోర్టు రిజిస్టరు లాంటిది. కుట్టకముందే చూసుకోవాలి.

చూసుకున్నవాటిలో ముఖ్యమైనది పేర్లు. సబ్‌వర్షన్‌లో ఒక ఎంట్రీకి ఒకే పేరు గడి. అందులో పడేది ఆ మార్పుని లోపల పెట్టే హక్కున్నవారి లాగిన్ పేరు. రాసినవారికి ఆ హక్కు లేకపోతే, హక్కున్న పెద్దమనిషికి పంపితే ఆయన పరిశీలించి తన లాగిన్‌తో పెడతాడు. రిజిస్టరులో ఆయన పేరే ఉంటుంది. ఇది మీకు తెలియని కథా! రాత్రి తొమ్మిదింటిదాకా కూర్చుని, పాత జీవోలన్నీ వెతికి, డ్రాఫ్టు పెట్టింది గుమాస్తా. కింద సంతకం సూపరింటెండెంటుది, ఆపైన ఆఫీసరుది. బయటికి వెళ్ళిన కాగితం మీద గుమాస్తా ఊసే ఉండదు. నోటు ఫైలు మార్జినులో రెండు పొడి అక్షరాల ఇనీషియల్సు తప్ప.

గిట్‌లో రెండు గడులున్నాయి. రాసినవారు ఒక గడి, లోపల పెట్టినవారు ఒక గడి. మరి ఇరవై ముప్ఫై ఏళ్ళ కిందటి ఎంట్రీలకి మొదటి గడి ఎలా నింపడం? ఇక్కడే జి.సి.సి. వాళ్ళ పాత ఆచారం ఒకటి ఆదుకుంది. ఛేంజ్‌లాగ్ అని ప్రతి మార్పుకీ విడిగా ఒక డైరీ రాసే అలవాటు వాళ్ళకి మొదటినుంచీ ఉండేది. తేదీ, రాసినవారి పూర్తి పేరు, మెయిల్ చిరునామా, ఏ ఫైలులో ఏం మార్చారన్నది. రిజిస్టరు ఉండగా మళ్ళీ ఈ డైరీ ఏమిటని విసుక్కున్నవారు చాలామంది. మార్పిడి రోజున ఆ డైరీల్లోంచే అసలు రాసినవారి పేర్లు ఏరి మొదటి గడిలో నింపారు. ఎన్నో ఏళ్ళుగా ఎవరి సంతకం చాటునో ఉండిపోయినవాళ్ళు వాళ్ళ వాళ్ళ ఎంట్రీల దగ్గరికి వచ్చి నిలబడ్డారు. నాకు ఈ సంగతి తెలిసిన రోజు చాలాసేపు సంతోషంగా ఉంది. ఎందుకంటే చెప్పలేను, మీకు అర్థమవుతుంది.

మరి దిద్దడం ఎంతవరకు? ఇక్కడా వాళ్ళు జాగ్రత్తగానే నడిచారు. పాత ఎంట్రీల్లో చాలావాటికి మొదటి పంక్తిలో పనికొచ్చే మాట ఉండదు. ‘ఫలానా నంబరు ఫిర్యాదు’ అని మాత్రమే ఉంటుంది. మనవాళ్ళు ‘రిఫరెన్సు చూడుము’ అని రాసి సంతకం పెట్టినట్టు. రిచర్డ్ ఎర్న్‌షా అనే ఆయన ఆ నంబరు పట్టుకుని ఫిర్యాదుల పుస్తకంలోంచి దాని శీర్షిక తెచ్చి పక్కన చేర్చే ఏర్పాటు చేశాడు. చేర్చబోతే ఇంకో సంగతి బయటపడింది. కొన్నిచోట్ల ఆనాడు నంబరే తప్పు వేశారు. అంకెలు అటూ ఇటూ అయ్యాయి. అలాంటప్పుడు మార్చింది ఒకటి, పక్కన చేరే శీర్షిక ఇంకోటి అవుతుంది. పొంతన లేనివన్నీ యంత్రంతో ఏరించి, మనుషుల్ని కూర్చోబెట్టి ఒక్కొక్కటే చూపించారు. యంత్రం అనుమానపడింది, మనిషి తేల్చాడు. ఈ వరస నాకు నచ్చింది.

అన్నిటికన్నా నాకు నచ్చింది చాలా చిన్న విషయం. కొత్త రిజిస్టరులోకి వచ్చిన ప్రతి పాత ఎంట్రీ కింద ‘సబ్‌వర్షన్ నుంచి’ అని రాసి, దాని పాత నంబరు వేశారు. అన్ని లక్షల ఎంట్రీలకీ! పాత ఉత్తరాల్లో, పాత చర్చల్లో జనం ఆ నంబర్లతోనే మాట్లాడుకున్నారు కదా. కొత్త ఫైలు అట్ట మీద ‘పాత నంబరు ఫలానా’ అని ఎర్రసిరాతో రాసే మంచి గుమాస్తా ఒకడు ప్రతి ఆఫీసులోనూ ఉండేవాడు. అతను బదిలీ అయిపోయాక గాని అతని విలువ తెలిసేది కాదు.

పేర్ల విషయంలో ఇంకొక చిక్కు ఉంది. మన కుటుంబాల్లో ఆడవాళ్ళకి ఇది బాగా తెలుసు. పెళ్ళికి ముందు ఇంటిపేరు ఒకటి, తర్వాత ఒకటి. లక్ష్మి అన్న పేరునే ఇంగ్లీషులో ఒకచోట ఎక్స్ పెట్టి, ఒకచోట కె.ఎస్.హెచ్. పెట్టి రాస్తారు. ఇద్దరూ ఒకరేనని తహసీల్దారు దగ్గరికి వెళ్ళి ధ్రువపత్రం తెచ్చుకోవాలి. ప్రోగ్రాములు రాసేవాళ్ళకీ ఇదే గొడవ. కంపెనీ మారితే మెయిల్ చిరునామా మారుతుంది. ఒకే మనిషి నలుగురిలా కనిపిస్తాడు. దీనికి గిట్‌లో ‘మెయిల్‌మ్యాప్’ అని ఒక పట్టిక పెట్టుకోవచ్చు. ఫలానా ఫలానా పేర్లన్నీ ఈ ఒక్కరివే అని అందులో రాస్తారు. పాత ఎంట్రీ ముట్టుకోరు, ముద్ర చెడదు. చూపించేటప్పుడు మాత్రం సరైన పేరుతో చూపిస్తుంది. పేరు మార్చుకున్న మనిషి తన కొత్త పేరుతోనే కనబడవచ్చు. తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరగక్కర్లేదు.

ఇంత వివరంగా నాకెలా తెలిసిందని మీరడగవచ్చు. మా మేనకోడలు హైదరాబాదులో ఒక కంపెనీలో పనిచేస్తోంది. వాళ్ళ బిల్లింగు ప్రోగ్రాము చరిత్రని సబ్‌వర్షన్ నుంచి గిట్‌కి మార్చే పని ఈమధ్య దాని నెత్తిన పడింది. పాతదంతా వదిలేసి ఈ రోజు ప్రతితో మొదలుపెట్టెయ్యమని పైవాళ్ళన్నారట, మన టోర్వాల్డ్స్ గారి లాగా. అది ఒప్పుకోలేదు. ఆ ప్రోగ్రాములో ఒకచోట, బిల్లు మొత్తం సున్నా అయితే ఒక ప్రత్యేక పద్ధతిలో నంబరు వెయ్యమని నాలుగు పంక్తులున్నాయి. చూస్తే అనవసరం అనిపిస్తాయి. కొత్తగా వచ్చిన కుర్రాడు తీసేయబోయాడు. పాత ఎంట్రీ తీసి చూస్తే, 2011లో ఆడిటర్లు బిల్లు నంబర్ల వరసలో ఖాళీలున్నాయని అభ్యంతరం పెట్టినందుకు పెట్టిన పంక్తులని తేలింది. ఆ కాగితం చూపించి పైవాళ్ళని ఒప్పించింది.

ఆ తర్వాత పేర్ల దగ్గర ఆగింది. సబ్‌వర్షన్‌లో అరవైదాకా లాగిన్ పేర్లున్నాయి. గిట్‌కి పూర్తి పేర్లు కావాలి. ఉన్నవాళ్ళవి సులువుగా దొరికాయి. మానేసి వెళ్ళినవాళ్ళని పాత టెలిఫోను జాబితాలూ, వాట్సప్ గ్రూపులూ, ఒక పాత పిక్నిక్ ఫోటో వెనక రాసిన పేర్లూ పట్టుకుని వెతికింది. ఒకాయన చనిపోయారని తెలిసి, పేరు ఎలా రాసుకునేవారో ఇంట్లోవాళ్ళనే అడిగి రాసింది. చివరికి ‘టెంప్-2’ అన్న లాగిన్ ఒకటి మిగిలింది. కాంట్రాక్టు మీద వచ్చినవాళ్ళకి ఇచ్చేది. అందులో నాలుగు వందల చిల్లర ఎంట్రీలు.

‘మావయ్యా, మీ ఆఫీసులో ఒకే సీటులో ముగ్గురు పనిచేసి వెళ్ళిపోతే ఎవరేం రాశారో ఎలా తేల్చేవారు?’ అని ఫోను చేసింది. ‘ఛార్జి లిస్టు చూసేవాళ్ళమమ్మా. ఏ తేదీన ఎవరు ఎవరికి సీటు అప్పగించారో అందులో ఉంటుంది. అది లేకపోతే హాజరు పట్టీ’ అన్నాను. వాళ్ళకి ఛార్జి లిస్టులు లేవు. గేటు దగ్గర కార్డు గీకిన లెక్క ఉంది. దాన్ని బట్టి ముగ్గురు వేరువేరు కాలాల్లో ఆ లాగిన్ వాడారని తేలింది. ఎవరి రోజులు వాళ్ళవి విడదీసి వాళ్ళ పేర్లు వేసింది. వాళ్ళలో ఒక కుర్రాడు ఇప్పుడు వేరే ఊళ్ళో పని వెతుక్కుంటున్నాడట. ఆ రెండేళ్ళు తాను చేసిన పనికి చూపించడానికి అతని దగ్గర ఇంకో కాగితం లేదు. కంపెనీ అనుమతితో ఆ ఎంట్రీల జాబితా ఒకటి తీయించి అతనికి పంపింది.

ఇద్దరూ ఒకే వారం పనిచేసిన రోజులు కొన్ని ఉన్నాయి. అప్పటివి పదకొండు ఎంట్రీలు. ఎవరివో తేలలేదు. ఎవరో ఒకరి పేరు వేసెయ్యమని ఒకరూ, ‘అడ్మిన్’ అని పెట్టమని ఇంకొకరూ సలహా ఇచ్చారట. అది ఆ పదకొండింటినీ ‘టెంప్-2’ పేరుతోనే ఉంచింది. పాత సబ్‌వర్షన్‌ని ఎవరూ రాయడానికి వీల్లేకుండా, చదువుకోవడానికి మాత్రం వీలుగా ఒక కంప్యూటరులో ఉంచారు. దాని ఖర్చు నెలకి ఎంతో లెక్క చెప్పమని అకౌంట్సు వాళ్ళు అప్పుడే అడిగారట. ఆ జవాబు కూడా నన్నే రాసిపెట్టమంది. నోటు పెట్టి పంపాను.

భోజనాలు సిద్ధమైనట్టు కార్యదర్శిగారు సైగ చేస్తున్నారు.